ఘట్‌కేసర్ డబుల్ బెడ్‌రూమా, బీరంగూడ ఫ్లాటా, చందానగర్ పోర్షనా?

నాది మాదాపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ పని. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆవిడ, ఒకటో తరగతి చదివే బాబు. ఉన్న ఇల్లు ఖాళీ చేయాల్సి రావడంతో హైదరాబాద్ చుట్టూ నెల రోజులు టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాం. చివరికి మూడు ఇళ్ళ దగ్గర ఆగాం.

మొదటిది ఘట్‌కేసర్. ఇండిపెండెంట్ ఇంట్లో పై అంతస్తు, రెండు పడక గదులు, ముందు కానుగ చెట్టు. అద్దె పదివేలు. చూసిన వెంటనే మా ఆవిడ పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా చూసేసుకుంది. నేను మాత్రం ఆఫీసు దారి లెక్కలో పడ్డాను. బస్సులో ఉప్పల్, అక్కడి నుంచి మెట్రోలో రాయదుర్గం వైపు. రానూపోనూ రోజుకు 170 రూపాయలు. 24 రోజులకు 4,080. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి కాబట్టి బస్సు ఎప్పుడు చేరుతుందో డ్రైవర్‌కే తెలియదు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైందని సంబరపడ్డాను గానీ, ఆ రైళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటి టైముకు మన ఆఫీసు నడవదు.

ఒక్క మాట. ఉద్యోగం నాది కాకుండా మా ఆవిడదై ఉంటే ఈ లెక్క మారిపోయేది. 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఖర్చు మెట్రో రైలు ఒక్కదానికే.

రెండోది బీరంగూడ. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, లిఫ్టు, వాచ్‌మన్, బాబు ఆడుకోవడానికి పార్కింగ్ జాగా. అద్దె 13,000, మెయింటెనెన్స్ 2,000. ఆఫీసుకు బండి మీద దాదాపు ఇరవై కిలోమీటర్లు, పెట్రోలుకు నెలకు 2,300 దాకా. మొత్తం 17,300. ఇది పైకి కనిపించే లెక్క. కనిపించనిది నీళ్ళ లెక్క. ఓనరు "ఇరవై నాలుగు గంటలూ నీళ్ళే" అన్నాడు. కిందికి దిగి వాచ్‌మన్‌ని అడిగితే, ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండిపోతుందనీ, ట్యాంకర్లు తెప్పిస్తారనీ, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుపుతారనీ చెప్పాడు. ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు వాచ్‌మన్‌ని, తర్వాతే ఓనర్ని కలవండి.

మూడోది చందానగర్, ఎంఎంటీఎస్ స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరం. ఒకే పడక గది ఉన్న పోర్షన్, కింద ఓనర్లు. 13,000. గది ఇరుకు, వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకు చోటుండదు. రాత్రి పది దాటితే గేటు వేసేస్తారు. చుట్టాలు వస్తే ఎన్ని రోజులుంటారని అడుగుతారు. కానీ రైలు ఎక్కితే హఫీజ్‌పేట, ఆ తర్వాత హైటెక్ సిటీ. అక్కడ దిగి షేర్ ఆటో. టికెట్లు, ఆటో కలిపి రోజుకు అరవై, అంటే నెలకు 1,440. నీళ్ళకు మూడు వందలు. మొత్తం 14,740.

కాగితం మీద వేసి చూస్తే ఘట్‌కేసర్ 14,080, చందానగర్ 14,740. పదివేలకూ పదమూడు వేలకూ మధ్య ఉన్న మూడు వేల తేడా కాస్తా 660కి దిగింది. ఆ 660కి నాకు రోజుకు దాదాపు మూడు గంటలు మిగులుతాయి. అవతల పోయేది ఒక గది, ఒక కానుగ చెట్టు. మా ఇంట్లో దీని మీద రెండు రోజులు మాటల్లేవు.

కరెంటు సంగతి చివర్లో తేలింది. మాకు తెల్లకార్డు ఉంది. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు, అద్దెకున్నవాళ్ళకూ వర్తిస్తుంది. కానీ పోర్షన్‌కు సొంత మీటరు ఉండాలి. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఇళ్ళు నాలుగు చూశాం. అక్కడ కార్డు ఉన్నా ఉపయోగం లేదు, ఇల్లు మొత్తం వాడకం ఒకే మీటరు మీద పడి 200 ఎప్పుడో దాటేస్తుంది. చందానగర్ ఇంటికి విడిగా మీటరు ఉంది. మా ఆవిడ మెత్తబడింది అక్కడే.

ఇక బేరం. మే, జూన్‌లలో బడుల హడావుడికి ఓనర్లు మాట వినరు. మేము ఆషాఢంలో వెళ్ళాం. ఆ నెలలో ఇల్లు మారేవాళ్ళు తక్కువ కాబట్టి బోర్డు పెట్టి నెల దాటిన ఓనరు కాస్త దిగుతాడు. 13,500 చెప్పి 13,000కి వచ్చాడు, రెండు నెలల అడ్వాన్స్. అడ్వాన్స్ అప్పుడే ఇచ్చి, శ్రావణం రాగానే పాలు పొంగించుకుంటామని ఒప్పించాం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో పదకొండు నెలల అగ్రిమెంట్‌లో రాయించాను. పాత ఇంట్లో అది రాయించక ఒక నెల అద్దె పోగొట్టుకున్నాను.

చేరి మూడు నెలలైంది. డబుల్ కాట్ మంచం గదిలో పట్టక ఊరికి పంపేశాం. మొన్న ఘట్‌కేసర్ ఓనరు ఫోన్ చేశాడు, ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందట, తొమ్మిదిన్నర వేలకు ఇస్తాడట. మా ఆవిడ నా వైపు చూసింది. నేను రైలు టైమైందని లేచాను.