అరీనానా, థియేటరా, ఎవరింటి హాల్లోనా? పాత క్రిస్టియన్ రాక్ అభిమానికి ఏది మేలు

డాలస్‌లో ఉండే మా స్నేహితుడు పోయిన వారం ఫోన్ చేశాడు. "ఒరేయ్, మన పాత బ్యాండ్లు మళ్లీ ఊళ్లు తిరుగుతున్నాయి. వెళ్దామా? వెళ్తే దేనికెళ్దాం?"

ఇద్దరం గుంటూరులో ఒకే చర్చి క్వయర్‌లో పెరిగాం. 1996లో అమెరికా నుంచి వచ్చిన ఒక చుట్టం సూట్‌కేసులో మాకు డీసీ టాక్ అనే అమెరికన్ క్రిస్టియన్ బృందం వాళ్ల 'జీసస్ ఫ్రీక్' క్యాసెట్ దొరికింది. అంతవరకూ మాకు పాటంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, హార్మోనియం, తబలా. దేవుడి పేరు చెప్పి గిటార్‌ని అంతలా అరిపించవచ్చని అప్పుడే తెలిసింది. టేపు సాగిపోయేదాకా విన్నాం. తర్వాత ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాక చేతిలో డబ్బులు ఉన్నా లేకపోయినా కచేరీలకు తిరిగాం.

ఇప్పుడు వాడు ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాడు కానీ ఆ పాటలు వినడు. నేను పాటలూ వినను. చర్చికి క్రిస్మస్‌కీ, మా అమ్మ ఫోన్ చేసి గట్టిగా అడిగిన వారానికీ వెళ్తాను. ఇద్దరం మాజీలమే, కానీ ఒకే రకం మాజీలం కాదు. ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు అక్కడే రెండుగా చీలుతుంది.

ముందు అరీనా, అంటే వేలమంది పట్టే ఇండోర్ స్టేడియంలో కచేరీ. దీనికి బాగా తెలిసిన పేరు వింటర్ జామ్. న్యూసాంగ్ అనే బృందం 1995లో మొదలుపెట్టింది. చాలా ఏళ్లు ముందస్తు టికెట్టే ఉండేది కాదు. తలుపు దగ్గర 10 డాలర్లిచ్చి లోపలికి పోతే పది దాకా బ్యాండ్లు. డబ్బు లెక్కన దీన్ని కొట్టేది లేదు. స్కిల్లెట్ లాంటి వాళ్లు వచ్చిన ఏడాదైతే స్టేజీ మీద మంటలు, వెనక వరసలో కూర్చున్నా ఛాతీలో మోగే డ్రమ్స్.

కానీ ఇది సగం కచేరీ, సగం యూత్ మీటింగ్. మధ్యలో కానుక పడతారు, ఒకాయన వచ్చి వాక్యం చెబుతాడు, తర్వాత తలలు వంచి కళ్లు మూసుకోమంటారు. మన కన్వెన్షన్ సభల్లో పెరిగినవాడికి ఇదేమీ కొత్త కాదు. కీబోర్డు ఒక్కటే మెత్తగా మోగడం మొదలైందంటే, యేసును నమ్మేవాళ్లు చెయ్యెత్తండి అనే ఆహ్వానం వస్తోందని నిద్రలోనైనా చెప్పేస్తాం. చిక్కల్లా ఆ ఆహ్వానంలో జనం రెండే రకాలు: నమ్మినవాళ్లు, ఇవాళ నమ్మబోయేవాళ్లు. ఒకప్పుడు నమ్మి, పాడి, చెమటలు కక్కేలా గెంతి, ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చున్నవాడు ఏ లెక్కలోకీ రాడు.

ఇంకో సంగతి. ఇలాంటి కచేరీల్లో పేద పిల్లల చదువుకు నెలనెలా డబ్బు కట్టమని ఫోటో ఉన్న కవర్లు పంచుతారు. నా స్టూడెంట్ రోజుల్లో ఒకసారి నా చేతికొచ్చిన కవర్‌లో మన దేశం కుర్రాడే ఉన్నాడు. వాడి వెనకున్న తాటాకు గోడ నాకు తెలిసిన గోడ. చుట్టూ జనం జాలిగా తమ తమ కవర్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం వాడికి ఎలా కనిపిస్తున్నానా అని ఆలోచించాను. డబ్బు కట్టాను, అది వేరే విషయం. ఈ పనిలో పెద్ద సంస్థల్లో ఒకటైన కంపాషన్ ఇంటర్నేషనల్, విదేశీ నిధుల అనుమతి చిక్కుల వల్ల 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. లక్షకు పైగా పిల్లలకు ఆ సాయం ఆగింది. ఆ వార్త చదివినరోజు నాకు గుర్తొచ్చింది పాట కాదు, ఆ గోడ.

ఇక థియేటర్ షో. పాత ఆల్బమ్‌కు ఇరవై ఏళ్లు నిండాయనో, బ్యాండ్‌కు యాభై నిండాయనో పెడతారు. టికెట్ ఖరీదెక్కువ, సర్వీస్ ఫీజు పేరుతో వేసే వాత కూడా అందులోనే. అయినా నా ఓటు దీనికే. స్విచ్‌ఫుట్ అనే బ్యాండ్ 2003లో తెచ్చిన 'ద బ్యూటిఫుల్ లెట్‌డౌన్' చర్చి గడప దాటి బయట రేడియోల్లోనూ మోగింది. కాబట్టి వాళ్ల షోకు వచ్చేవాళ్లంతా ఒక గూటి పక్షులు కారు. నేను వెళ్లిన ఒక షోలో నా పక్కన చేతుల నిండా పచ్చబొట్లున్న మనిషి ప్రతి పాటకూ గొంతు చించుకున్నాడు. ఒకప్పుడు యూత్ పాస్టర్‌నని, ఇప్పుడు ఇన్సూరెన్స్ అమ్ముతున్నానని చెప్పాడు. "మీరు?" అన్నాడు. "నేను క్వయర్," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇరవై ఏళ్లుగా విననివాడిని, రెండో చరణం కూడా తడుముకోకుండా పాడేశాను. నమ్మకం ఎటు పోయిందో గానీ నోటికొచ్చిన పాట నోట్లోనే ఉంది.

థియేటర్‌లో ఉన్న చిక్కు వయసు. వాళ్లదీ, మనదీ. పెట్రా 1972లో ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టిన బ్యాండ్. గ్రీకులో ఆ మాటకు బండ అని అర్థం. బండ మీద కట్టిన ఇంటి కథ సండే స్కూల్లో వల్లెవేసిన మాకు ఆ పేరు తెగ నచ్చేది. 2005లో వీడ్కోలు చెప్పేసి, యాభై ఏళ్ల పండుగకు మళ్లీ రోడ్డెక్కారు. గాయకుడు జాన్ ష్లిట్ 1950లో పుట్టినవాడు. ఆ వయసులో ఆ పైస్థాయి అందుకోవడానికి దమ్ముండాలి. మామూలుగా పాత బ్యాండ్లు శ్రుతి కాస్త దించుకుంటాయి, పై స్వరం దగ్గర మైకు జనం వైపు తిప్పుతాయి. దానికి సణిగేవాళ్లు ఇంట్లో పాత సీడీ వేసుకోవడం మంచిది. పెట్రా లాంటి షోలో కాస్త సాక్ష్యం, అంటే దేవుడు తమను ఎలా మార్చాడో చెప్పే మాట, కూడా వినాల్సి ఉంటుంది. నాకు అభ్యంతరం లేదు. అది వాళ్ల కథ, నన్ను చెయ్యెత్తమనడం కాదు.

మూడోది చాలామందికి తెలియదు: ఇంటి హాల్లో కచేరీ. పెడ్రో ద లయన్ అనే బ్యాండ్ నడిపిన డేవిడ్ బజాన్ క్రైస్తవ శ్రోతల మధ్యే పేరు తెచ్చుకున్నాడు. 2009లో తన నమ్మకం విరిగిపోవడం గురించే ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఆ ఏడాది నుంచే అభిమానుల ఇళ్లలో, నేల మీదా కుర్చీల్లోనూ కూర్చున్న కొద్దిమంది ముందు గిటార్ పట్టుకుని పాడసాగాడు. పాటకీ పాటకీ మధ్య ఏమైనా అడగమంటాడు. ఇక్కడ నాలాంటి మాజీ స్టేజీ మీదే ఉన్నాడు (స్టేజీ అంటే సోఫా పక్కన అన్నమాట). హాక్ నెల్సన్ అనే బ్యాండ్ గాయకుడు జాన్ స్టైన్‌గార్డ్ కూడా 2020లో తనకిక దేవుడి మీద నమ్మకం లేదని బాహాటంగానే చెప్పాడు. మాజీలు మన వరసల్లో మాత్రమే కాదు, స్టేజీ మీదా ఉన్నారు.

అయితే ఇంటి కచేరీ బరువు. గెంతడం ఉండదు, లేచి బాత్రూమ్‌కి పోవాలన్నా మొహమాటం. నాలాంటివాడికి ఒక్కసారి చాలు. మా స్నేహితుడి లాంటివాడికి, అంటే నమ్మకం నిలిచి రుచి మాత్రమే మారినవాడికి, ఇది అనవసరమైన తలనొప్పి.

మైదానంలో జరిగే సంగీత పండుగల గురించి పెద్దగా చెప్పను. ఇల్లినాయ్‌లో 1984లో మొదలై, తర్వాత బుష్నెల్ దగ్గరికి మారిన కార్నర్‌స్టోన్ 2012తో ముగిసింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పాత ఇనుప కొలిమి ఆవరణలో ఫర్నెస్ ఫెస్ట్‌ను 2021లో తిరిగి నిలబెట్టారు. హెవీ పాటల వాళ్లకు అది స్వర్గమే. నా మోకాళ్లు ఒప్పుకోవు.

మా స్నేహితుడికి ఇదే చెప్పాను: ఇద్దరం కలిసి వెళ్లాలంటే థియేటరే. బాల్కనీ తీసుకో, నించునే ఫ్లోర్ వద్దు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ మర్చిపోకు. "చివర్లో ప్రార్థన చేస్తే నువ్వు లేచి పోవుగా?" అన్నాడు. పోనన్నాను.

అరీనా మా ఇంట్లో ఎలాగూ తప్పదు. చలికాలంలో మా అమ్మాయి తన యూత్ గ్రూప్‌తో వెళ్తోంది. పద్నాలుగేళ్లకు అది సరిగ్గా సరిపోయే చోటు. దింపడం, తీసుకురావడం నా డ్యూటీ. పార్కింగ్‌కి డబ్బు తగలేయకుండా రోడ్డవతల డోనట్ షాపులో కూర్చుంటాను. డ్రమ్స్ అక్కడిదాకా వినిపిస్తాయి.