రీపర్‌తో ఎనిమిదేళ్లు, ప్లగిన్లతో తిప్పలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా ఇంటి వెనకగదే నా స్టూడియో. గోడలకు బొంతలు, తలుపుకు పాత రగ్గు, మూల ఒక కంప్యూటర్. తెలుగు భజనలు, ఒడియా భజనలు, పెళ్లి పాటలు, ఎన్నికలొస్తే ఆటోకు కట్టే ప్రచారం, అన్నీ ఇక్కడే రికార్డవుతాయి. ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చే భజన బృందం వేరే రాష్ట్రంలో అడుగుపెట్టామని అనుకోదు, నేనూ అనుకోను. ఈ గదిలో 2017 నుంచి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను.

సౌండ్ బాగుంటుందా అని అడగకండి. ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపినా లోపలి లెక్కలు ఇంచుమించు ఒకటే. తేడా అంతా మైకుదీ, గదిదీ, పాడేవాళ్లదీ. నేను రాయదలచింది ప్లగిన్లనే అదనపు ప్రోగ్రాంలకూ దీనికీ ఎంతవరకు పొసిగిందన్న సంగతి. ఈ ఎనిమిదేళ్లలో నా నిద్ర చెడగొట్టింది అదొక్కటే.

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. 60 రోజులు ఉచితం. గడువు దాటినా ఆగిపోదు, తెరిచినప్పుడల్లా కొనమని గుర్తుచేస్తుంది. చిన్నవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. దీనితో ఏడాదికి 20 వేల డాలర్లకు మించి సంపాదించేవాళ్లకు 225. నా రాబడికి రెండోదాని జోలికి పోనక్కర్లేదు. నేను ఐదో వెర్షన్ రోజుల్లో కొన్న లైసెన్సు ఆరో వెర్షన్ ఆఖరిదాకా పనిచేసింది. 2023లో ఏడు వచ్చాక మళ్లీ కట్టాను, ఏడుపేమీ రాలేదు.

ఇక అసలు విషయం. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల అద్దెకుండే చిన్న ప్రోగ్రాం. ఇల్లూ అద్దెవాడూ ఒకే భాష మాట్లాడాలి. స్టెయిన్‌బర్గ్ అనే కంపెనీ వాళ్లు 1996లో వీఎస్‌టీ అనే భాష తెచ్చారు, 2008లో వీఎస్‌టీ3 వచ్చింది. ఆపిల్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌కు ఏయూ అనే భాష తప్ప మరొకటి తెలియదు. ప్రో టూల్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు ఏఏఎక్స్ కావాలి. 2022లో క్లాప్ అని ఇంకొకటి పుట్టింది. విండోస్‌లో రీపర్ పాత వీఎస్‌టీనీ, వీఎస్‌టీ3నీ, క్లాప్‌నీ మూడింటినీ రానిస్తుంది. పాత వీఎస్‌టీ (వీఎస్‌టీ2 అంటారు) ప్లగిన్లు తయారుచేసేందుకు కొత్తవాళ్లకు అనుమతులివ్వడం స్టెయిన్‌బర్గ్ 2018లోనే ఆపేసింది. కాబట్టి పాతవి వాడుకోవచ్చుగానీ, వాటికి కొత్త తరం లేదు.

ఈ మాట పుస్తకజ్ఞానంగా తెలియడం వేరు, నెత్తిన పడి తెలియడం వేరు. నా నెత్తిన పడింది కిందటి మాఘమాసంలో.

2018లో మా వీధి చివర ఉండే ఒక మామ్మ చేత అప్పగింతల పాట పాడించి రికార్డు చేశాను. ఆవిడ పోయి మూడేళ్లయింది. మనవరాలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, మా మామ్మ పాట మీ దగ్గరే ఉంది కదా, నా పెళ్లికి కావాలి. గొంతు కొంచెం పైకి రావాలి, వెనక వీణ తగ్గాలి.”

ఎంత పని అనుకుని ప్రాజెక్టు తెరిచాను. నాలుగు ప్లగిన్లు దొరకలేదని తెర మీద చీటీ పడింది. పాట రికార్డు చేసినప్పుడు నా దగ్గరున్నది 32 బిట్ విండోస్ 7 డెస్క్‌టాప్. ఇప్పుడున్నది 64 బిట్ మెషీన్. నాలుగూ నాలుగు రకాల జబ్బులు.

మొదటిది 32 బిట్ కంప్రెసర్, గొంతులో హెచ్చుతగ్గులను సమం చేసేది. 64 బిట్ ప్రోగ్రాంలో 32 బిట్ ప్లగిన్ నేరుగా నడవదు, మధ్యలో వంతెన కావాలి. క్యూబేస్, లైవ్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లలో క్యూబేస్ 9, లైవ్ 10 వచ్చేసరికి 32 బిట్‌కు తలుపులు మూసేశారు. రీపర్‌లో వంతెన ముందే కట్టి ఉంది. ఫైలు తెచ్చి ఫోల్డర్‌లో వేసి రీస్కాన్ కొడితే పాత సెట్టింగులతో సహా లేచి కూర్చుంది. ప్లగిన్ దొరకనప్పుడు కూడా రీపర్ దాని సెట్టింగులను ప్రాజెక్టు ఫైలులోనే దాచి ఉంచుతుంది, పారేయదు. ఈ ఒక్క గుణానికి నేను దండం పెడతాను.

రెండోది రెవర్బ్, అంటే గొంతుకు గుడి హాలు లాంటి ప్రతిధ్వని ఇచ్చేది. ఇన్‌స్టాల్ అయింది, స్కాన్‌లో మాత్రం ఫెయిలైంది. దానికి కావలసిన విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైం అనే మైక్రోసాఫ్ట్ సహాయక ఫైళ్లు కొత్త మెషీన్‌లో లేవు. అవి వేస్తే వచ్చింది. ఈ చిన్న పనికి నాకు ఒక పూట పట్టిందని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మూడోది ఈక్యూ, మందర తార స్వరాల పాళ్లు దిద్దేది. కంపెనీ ఉంది, ప్లగిన్ ఉంది, పేరూ అదే. కాకపోతే ఇప్పుడు వీఎస్‌టీ3 మాత్రమే ఇస్తున్నారు. పేరు ఒకటైనా లోపలి గుర్తింపు సంఖ్య వేరు, అందుకని పాత ప్రాజెక్టు దాన్ని తన మనిషిగా ఒప్పుకోలేదు. తయారుచేసినవాళ్లు ముందే ఏర్పాటు చేసి ఉంటే ఒప్పుకునేదే.

నాలుగోది శ్రుతి సరిచేసే ప్లగిన్. దాన్ని అమ్మిన కంపెనీ దుకాణం కట్టేసింది. లైసెన్సు తాళం తీసే సర్వరూ లేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు నా దగ్గరుండీ లేనట్టే.

దిక్కులేక అటక మీది డెస్క్‌టాప్ దింపాను. దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోయింది. ఏడు వందలు పెట్టి మార్పిస్తే బతికింది. పాత తాళం అందులో ఇంకా చెల్లుతోంది. ఈక్యూ గుండీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకుని కొత్తదాంట్లో చేత్తో దిద్దాను. శ్రుతి ప్లగిన్ వేసిన గొంతును అక్కడే వేవ్ ఫైలుగా రెండర్ చేసి తెచ్చుకున్నాను. పక్కనే ఏ ప్లగినూ లేని గొంతు కూడా.

రెండూ విన్నాక నోట మాట రాలేదు. 2018లో నేను సరిచేశాననుకున్నది ఆవిడ సాగదీతనే. పాటలో ఏడుపు జీర వచ్చే చోటల్లా ఇస్త్రీ చేసి పెట్టాను. పచ్చి గొంతే బాగుంది. మొదట్లో ఆవిడ ఎవరినో “తలుపెయ్యండర్రా” అని కేకేసిన ముక్క కూడా ఉంది. పెళ్లికూతురికి వినిపిస్తే అది తీసేయొద్దంది.

తుపాను సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ మా గజపతి జిల్లా మీద పడింది. దసరాకి ఇవ్వాల్సిన అమ్మవారి పాటలు సగంలో ఉన్నాయి. కరెంటు లేదు, నెట్ లేదు. జనరేటర్ అద్దెకు తెచ్చి కూర్చుంటే, కొన్ని రోజులకోసారి నెట్‌లో లైసెన్సు సరిచూసుకునే ఒక ప్లగిన్ నన్ను దొంగ కింద జమకట్టి పాట మధ్యలో కీ కీ మని మోత మొదలుపెట్టింది. దాన్ని తీసేసి రీపర్‌తో పాటే వచ్చే రియాఈక్యూ, రియాకాంప్‌లతో పని ముగించాను. వాటికి ముఖవర్చస్సు లేదు. కానీ రీపర్ ఉన్న ప్రతి చోటా అవి ఉంటాయి, తాళాలు అడగవు. ఆ తర్వాత నెట్ అడిగే ప్లగిన్ ఏదీ కొనలేదు.

ఇంకో విచిత్రం. కొత్త మెషీన్‌లో విండోస్ యూజర్ పేరు మా అబ్బాయి ముచ్చటపడి తెలుగులో పెట్టాడు. రీపర్‌కు ఏ ఇబ్బందీ లేదు, ట్రాకుల పేర్లు తెలుగులో, ఒడియాలో రాసుకుంటాను. వాద్యాల ధ్వనులు పుట్టించే ఒక పాత సింత్ ప్లగిన్ మాత్రం తన ప్రీసెట్లు (ముందే దాచిన ధ్వనులు) దొరకలేదని మొరాయించింది. దాని దృష్టిలో మా ఫోల్డర్ పేరు వరసగా ప్రశ్న గుర్తులు. పేరు మార్చినా లోపలి ఫోల్డర్ మారదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలతో వేరే ఖాతా తెరవాల్సి వచ్చింది. వాడు వారం రోజులు అలిగాడు.

తబలా సంగతి. మా తబలా భాయి ఒడియా మనిషి. ఒక రోజు ప్రతి టేకు తర్వాతా “ఆఉ థరే” అంటున్నాడు. ఇంకోసారి అని దాని అర్థం. విజయనగరం నుంచి వచ్చిన గాయకుడు మాత్రం ఆవు ఎక్కడుందా అని కిటికీలోంచి చూశాడు. తప్పు నాదే. మాస్టర్ ట్రాకు మీద లిమిటర్ వదిలేశాను, సౌండ్ హద్దు దాటకుండా ముందే చూసి ఆపే ప్లగిన్ అది, అందుకని సౌండ్‌ను కాస్త ఆలస్యంగా పంపుతోంది. పైగా సౌండ్‌ను ముక్కలుగా పోగుచేసి పంపే బఫర్ 512లో ఉంది, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క బఫరే దాదాపు 11 మిల్లీసెకన్లు. లిమిటర్ తీసి 128కి దించితే మూడు లోపుకు వచ్చింది, తబలా దారిలో పడింది. రికార్డయింది తిరిగి ప్లే చేసేటప్పుడు రీపర్ ప్లగిన్ల ఆలస్యాలను తనే సరిచేస్తుంది. వాయిస్తున్న మనిషి చెవికి మాత్రం సరిచేయలేదు, ఎవరివల్లా కాదు.

రీపర్‌లో నచ్చనివీ ఉన్నాయి. కొత్తగా తెరిచినవాళ్లకు అది కరెంటాఫీసు ఫారంలా కనిపిస్తుంది. సెట్టింగుల అడవిలో కావలసింది వెతకడానికి లోపలే సెర్చ్ పెట్టె ఉందంటే ఆ అడవి ఎంతటిదో చూడండి. వీణ, ఫ్లూట్, తీగల వాద్యాల గొంతులు కావాలంటే విడిగా తెచ్చుకోవాల్సిందే. కీబోర్డుతో పాట కట్టేవాళ్లకు, లూపులు పేర్చేవాళ్లకు వేరే సాఫ్ట్‌వేర్లు సులువు. నాలా మనుషుల గొంతులు పట్టేవాళ్లకు ఇది చాలు.

ఒక ప్లగిన్ వల్ల ప్రాజెక్టే తెరుచుకోకపోతే, ఓపెన్ చేసే పెట్టెలో ఎఫెక్టులన్నీ ఆఫ్‌లైన్‌లో ఉంచి తెరిచే టిక్ ఒకటుంది. అనుమానం ఉన్న ప్లగిన్‌ను వేరే ప్రాసెస్‌లో నడిపించే వీలూ ఉంది. అప్పుడది చచ్చినా అది ఒక్కటే చస్తుంది, పాట ఉంటుంది. ఈ రెండూ నాకు నాలుగేళ్ల తర్వాత తెలిశాయి.

విశాఖలో మిక్స్ చేసే మిత్రుడిది మ్యాక్, లాజిక్. నా ప్రాజెక్టు అతనికి తెరుచుకోదు, అతనిది నాకు తెరుచుకోదు. అన్ని ట్రాకులూ సున్నా నుంచే మొదలయ్యేలా 24 బిట్ వేవ్ ఫైళ్లు చేసి, టెంపో కాగితం రాసి పంపుతాను. ఇన్నేళ్లలో దానికి ఎదురు చెప్పిన సాఫ్ట్‌వేర్ లేదు.

డెస్క్‌టాప్‌ను మళ్లీ అటక ఎక్కించలేదు. బల్ల కిందే ఉంది. ఆదివారానికి రెండు చొప్పున పాత ప్రాజెక్టులు తెరిచి వేవ్‌లు తీస్తున్నాను, ప్లగిన్లతో ఒకటి, పచ్చిది ఒకటి. ఇంకా నూట పాతిక దాకా ఉన్నాయి. దాని ఫ్యాను మాత్రం ఈమధ్య గరగరమంటోంది.