రాత్రిపూట పసిపిల్లల నిద్రకు సౌండ్ మిషన్, తొట్టెల మోటారు, లైటు: దేనికి డబ్బు పెట్టాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ బేబీ షాపుల్లో తొట్టెల మోటారు, వైట్ నాయిస్ మిషన్ (బయటి చప్పుళ్లు వినపడకుండా ఒకే తీరు హోరు పెట్టే సౌండ్ మిషన్), నైట్ ల్యాంపు పక్కపక్కనే పెట్టి అమ్ముతున్నారు. మూడూ ఒకేసారి కొనొద్దు. ముందు డబ్బు పెట్టాల్సింది సౌండ్ మిషన్‌కే, అదీ చలికాలానికి. ఎండాకాలంలో కూలరు హోరే ఆ పని చేస్తుంది. చలికి ఫ్యాను బంద్ చేశాక ఇల్లు సద్దుమణిగి, గిన్నె కిందపడ్డా, వీధిలో కుక్క మొరిగినా బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది.

షాపులోనే ఐదు నిమిషాలు మోగించి, చెవి దగ్గర పెట్టి వినండి. చవక రకాల్లో చిన్న ముక్కనే మళ్లీమళ్లీ తిప్పుతారు. ముక్క అయిపోయినచోట చిన్న ఖాళీయో, టక్కుమన్న శబ్దమో వస్తుంది. పలుచటి నిద్రలో ఉన్న బిడ్డ సరిగ్గా అక్కడే లేస్తుంది. జోలపాటలు, సముద్రపు అలలు ఉన్నవి వద్దు, ఎగుడుదిగుడు లేని వాన హోరు, ఫ్యాను హోరు మేలు. టైమరు అయిపోగానే ఠక్కున ఆగేదానికన్నా మెల్లగా తగ్గుతూ ఆగేది తీసుకోండి.

మిషన్‌ను తొట్టెలకు కట్టడం, దిండు పక్కన పెట్టడం పెద్ద తప్పు. కనీసం 200 సెంటీమీటర్లు, అంటే ఆరున్నర అడుగుల దూరం ఉండాలి. బిడ్డ తల దగ్గర 50 డెసిబెల్స్ దాటకూడదు. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూస్తే సుమారుగా తెలుస్తుంది. అమెరికా పిల్లల వైద్యుల పత్రికలో 2014లో వచ్చిన పరిశీలనలో 14 మిషన్లను ఫుల్ సౌండ్‌లో పెడితే, మీటరు దూరంలో కూడా అన్నీ 50 దాటాయి.

కరెంటు పోతే ఏమవుతుందో కూడా అక్కడే ప్లగ్గు తీసి, మళ్లీ పెట్టి చూడండి. టచ్ స్విచ్ ఉన్నవి చాలావరకు కరెంటు వచ్చినా మోగవు. పవర్ బ్యాంకుకు పెడదామంటే, మిషన్ గుంజే కరెంటు మరీ తక్కువ కాబట్టి చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. లోపలే చార్జింగ్ బ్యాటరీ ఉన్నది కొంటే ఈ బాధ లేదు.

తొట్టెల మోటారు చేతినొప్పి తగ్గిస్తుంది, నిజమే. బాలింతకు అది చిన్న విషయం కాదు. కానీ రాత్రంతా నడిపే వస్తువు కాదది. చీర తొట్టెలలో బిడ్డ వంగి పడుకుంటుంది, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సరిగా ఆడదు. నిద్రపట్టగానే మోటారు ఆపి, గట్టి పరుపు మీద వెల్లకిలా మార్చాలి. స్ప్రింగు తెగినా ఆపేలా పక్కనే ఒక గొలుసో, తాడో కొండికి విడిగా కట్టండి. తొట్టెల అడుగు నేలకు ఒక అడుగుకు మించి ఎత్తులో ఉండొద్దు, కింద బొంత పరవండి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ స్ప్రింగు ఊపు నెమ్మదిస్తుంది. మోటారు స్పీడు పాతదే ఉంటే కుదుపులు వస్తాయి, మోటారు పాడైందని మార్చేస్తారు. స్పీడు ఒక మెట్టు తగ్గిస్తే చాలు. బిడ్డ కాస్త మూలిగిందని మోటారు వేయకండి. నెలల పిల్లలు నిద్రలోనే మూలుగుతారు, కదులుతారు, రెండు నిమిషాలు ఆగితే చాలాసార్లు మళ్లీ సర్దుకుంటారు.

రంగులు మారే ల్యాంపు దండగ. నీలం వెలుగు నిద్రను చెడగొడుతుంది. మన ఇళ్లలో ఉండే నీలం జీరో బల్బు తీసి ఎర్రది పెట్టండి. పాలిచ్చేటప్పుడు, గుడ్డ మార్చేటప్పుడు ఆ వెలుగు సరిపోతుంది.

ఏది కొన్నా రిమోట్ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. లోపలి బటన్ సెల్లు మింగి గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. పాకే పిల్లలున్న ఇంట్లో స్క్రూ లేని రిమోట్ అసలు ఉంచొద్దు. మింగిందని అనుమానం వచ్చినా సరే, ఎక్స్‌రే తీసే ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి.