కుడి కప్పు, కుడి మర: పాత ఫ్రెంచ్ ట్రాక్ ఫ్రేముతో 6 ఏళ్లు

ముందే చెప్పేస్తున్నా. సైకిల్ రేసుల ట్రాక్ మీద బ్రేకూ గేరూ లేకుండా తొక్కే ఈ సైకిల్ ఫ్రేమంటే నాకు ఇష్టం, దీని మీద కోపం కూడా ఉంది. ఆ కోపమంతా ఒక్కచోటే: పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌లో, ఇరుసు గుళ్లని పట్టి ఫ్రేము గొట్టంలోకి బిగుసుకునే కుడి పక్క కప్పుకి ఉన్న మర. మిగతావి గబగబా చెప్పేసి అక్కడికే వస్తాను.

పారిస్ తూర్పున వాన్సెన్‌లో ఉంటున్న కొత్తల్లో ఒక ఆదివారం సంతలో కొన్నాను దీన్ని. అటక మీది సామానంతా దించి పేవ్‌మెంట్ మీద పరిచి అమ్ముకునే సంతలు అక్కడ మామూలే. పింగాణీ పళ్లేలు, పాత సూట్‌కేసులు, వాటి మధ్య ఈ నీలం ఫ్రేము. క్రాంకులు, పెడళ్లు, ఫోర్కు దానికే ఉన్నాయి, చక్రాలు లేవు. స్టిక్కర్లు లేవు, కంపెనీ పేరు లేదు, ఆ నీలం రంగు కూడా తర్వాతెప్పుడో ఎవరో వేయించిందే. అమ్మే పెద్దాయన "మా అన్నయ్యది, ట్రాక్ మీద తొక్కేవాడు" అన్నాడు. 160 యూరోలు ఇచ్చాను.

ఆయన మాటని నమ్మి కొనలేదు లెండి. వెనక ఇరుసు కూర్చునే చీలికలు వెనక్కి తెరుచుకుని ఉన్నాయి. బ్రేకు బిగించడానికి ఎక్కడా బెజ్జం లేదు, గేరు తగిలించే కొక్కెం లేదు, దాన్ని కోసేసి ఆకురాయి పెట్టి అరగదీసిన గుర్తూ లేదు. అంటే రోడ్డు ఫ్రేముని కోసి ట్రాక్ ఫ్రేమని అమ్మే బాపతు కాదు. సీట్ పోస్టు మీద 26.4 అని ఉంది. ఫ్రెంచ్ ఫ్రేముల్లో సీట్ ట్యూబు బయటి కొలత 28 మిల్లీమీటర్లు, ఇంగ్లిష్ వాటిలో 28.6. ఆ 28లోకి 26.4 పోస్టు దిగిందంటే ట్యూబు గోడ పల్చన, మంచి రకం అన్నమాట. చవక ట్యూబైతే గోడ మందంగా ఉండి పోస్టు ఇంకా సన్నగా ఉంటుంది. పెడళ్ల మీద ఒకదానికి డి, రెండోదానికి జి అని చెక్కి ఉంది: ద్రువాత్ అంటే కుడి, గోష్ అంటే ఎడమ. ఇంతవరకు చూసుకుని, ఫ్రెంచ్ ఫ్రేము గుర్తుపట్టడం నాకు వచ్చేసిందని సంబరపడ్డాను. చూడాల్సింది మాత్రం చూడలేదు.

మొదటి ఏడాది దీన్ని పొగడని రోజు లేదు. తొక్కుతుంటే దానంతటదే ముందుకి లాగుతుందని, ఇనుముకి ప్రాణం ఉంటుందని, ఫ్రెండ్స్‌కి పెద్ద పెద్ద మాటలే చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్పాలి. ఆ తేలికలో సగం కొత్తగా వేయించిన చక్రాలది, గట్టిగా గాలి కొట్టిన ట్యూబులర్ టైర్లది. అవే చక్రాలు క్లబ్బులో ఒకాయన అల్యూమినియం ఫ్రేముకి పెట్టి తొక్కితే అదీ అలాగే లాగింది. కాకపోతే నా ఫ్రేము వంపులో గీత తప్పదు, సిమెంటు గతుకుల అదురు చేతులదాకా రానివ్వదు. ఆ మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను.

నేను తొక్కేది వాన్సెన్ అడవిలోని పాత వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ రేసుల మైదానంలో. కాగితాల మీద జాక్ ఆంక్తీల్ పేరు, జనం నోట లా సిపాల్. 500 మీటర్ల సిమెంటు ట్రాక్. 1968 నుంచి 1974 దాకా టూర్ ద ఫ్రాన్స్ ముగిసింది ఇక్కడే, అంటే ఎడీ మెర్క్స్ గెలిచిన 5 టూర్లకీ ఆఖరి గీత ఇదే. నా కుడి కప్పు ఊడింది కూడా ఇక్కడే.

కొన్న రెండో ఏడు, జూన్‌లో ఒక సాయంత్రం. ఆ ముందు నెలంతా కింద ఎక్కడో టిక్కు టిక్కుమని చప్పుడు వస్తూనే ఉంది. పెడల్ అనుకుని గ్రీజు పెట్టాను, సీటు అనుకుని బోల్టు బిగించాను. ఆ రోజు ఆరో చుట్టులో చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నా. ఆగింది ఎందుకంటే కప్పు అప్పటికే బాగా వదులైపోయింది, ఇక టిక్కుమనడానికి బిగువే లేదు. రెండో వంపు ఎక్కుతుండగా కుడి కాలి కింద క్రాంకు పక్కకి ఊగింది. మరుక్షణం చైన్ రింగు పళ్లు ఫ్రేముకి తగిలి కర్ర్ర్‌మంది.

మామూలు సైకిలైతే కాళ్లు ఆపేసి బ్రేకు నొక్కుతాం. ఇది ఫిక్స్‌డ్. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే, బ్రేకు లేనే లేదు. కాళ్లతో వెనక్కి తొక్కిపట్టి వేగం తగ్గిద్దామంటే ఆ బరువంతా మళ్లీ ఊగుతున్న ఆ ఇరుసు మీదే పడుతుంది. చైన్ ఊడి వెనక చక్రానికి చుట్టుకుంటే నేను ఎగిరి సిమెంటు మీద పడటమే. నా వెనక ఇద్దరున్నారు. చెయ్యి ఊపి, కాళ్లని బరువు లేకుండా ఊరికే తిరగనిస్తూ, సైకిల్ని వంపు మీదికి పైకి పోనిచ్చాను. ఎత్తు ఎక్కేకొద్దీ వేగం దానంతటదే పడిపోతుంది. కిందికి దిగి, మళ్లీ అవతలి వంపులో ఎక్కి, అలా చుట్టున్నర తర్వాత కంచె పట్టుకుని ఆగాను. చూస్తే కప్పు 3 మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉంది. ఈ మరకి చుట్టుకో మిల్లీమీటరు, అంటే 3 చుట్లు ఊడిందన్నమాట. వెనక చక్రానికి వెళ్లే కింది గొట్టం, అదే చైన్‌స్టే, మీద గోళ్లతో గీరినట్టు నాలుగు గీతలు. అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రాత్రి తెనాలిలో మా బాబాయికి వీడియో కాల్ చేశాను. 30 ఏళ్లు సైకిల్ షాపు నడిపినాయన, ఎన్ని వందల బళ్లకి ఓవరాయిలింగ్ చేశాడో లెక్కలేదు. కప్పు కెమెరాకి దగ్గరగా పెట్టమన్నాడు, తిప్పమన్నాడు.

"ఏరా, ఇది కుడి పక్కదేనా?"

"అవును బాబాయ్."

"కుడి పక్క ఎడమ మర కదరా ఉండాలి. ఇదేంటి, కుడి మర ఉంది? ఎవడ్రా దీన్ని చేసింది?"

కుడి మర అంటే గడియారం ముల్లు వైపుకి తిప్పితే బిగిసే మామూలు మర, ఎడమ మర దానికి ఎదురు. మన ఊళ్లో సైకిళ్లన్నీ ఇంగ్లిష్ పద్ధతివి, కుడి కప్పుకి ఎడమ మర ఉంటుంది. ఎందుకని అడిగితే బాబాయి చూపించిన తీరు బాగుంది. పెద్ద గిన్నెలో స్టీలు గ్లాసు నిలబెట్టి, గ్లాసుని గిన్నె గోడకి ఆనించి చుట్టూ దొర్లించాడు. గ్లాసు కుడివైపుగా చుట్టు తిరుగుతుంటే, తన చుట్టూ తాను ఎడమకి తిరుగుతోంది. కప్పుకీ, అది కూర్చునే గొట్టానికీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులో జరిగేదీ ఇదే. కుడి పక్క నుంచి చూస్తే పెడల్ గడియారం ముల్లు తిరిగే వైపుకి తిరుగుతుంది, కప్పు మెల్లమెల్లగా దానికి ఎదురు జరుగుతుంది. కుడి మర అయితే అది ఊడే దిక్కు. ఎడమ పక్క అంతా తారుమారు కాబట్టి అక్కడ కుడి మరే బిగుస్తుంది. ఫ్రెంచ్ వాళ్లు 35 మిల్లీమీటర్ల కొలత, మిల్లీమీటరు మర అని మెట్రిక్ లెక్క చక్కగా పెట్టుకుని, రెండు పక్కలా కుడి మరే ఇచ్చారు. ఇంత అందమైన ఫ్రేముకి ఇంత మొండి పనా అని ఆ రోజు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

బాబాయి సలహా ఒక్కటే: "బలం కొద్దీ బిగించు." థ్రెడ్ లాకర్ జిగురు పూసి, పొడుగాటి పానా పెట్టి, నా బరువంతా వేసి బిగించాను. 5 నెలలు ఆగింది. మళ్లీ టిక్కు.

ఈసారి ఓపిక లేక షాపుకి ఇచ్చాను. అదే తప్పు. పేరు చెప్పను, బయట బోర్డు మాత్రం అందంగా ఉంటుంది. నేను ముందే చెప్పాను, ఇది ఫ్రెంచ్ మర అని. అక్కడి కుర్రాడు "తెలుసు తెలుసు" అన్నాడు. సాయంత్రం వెళ్లేసరికి కొత్త ఇంగ్లిష్ బాటమ్ బ్రాకెట్ పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. దాని కుడి కప్పు ఎడమ మర కాబట్టి ఎక్కడా పట్టలేదు. ఎడమ కప్పు కుడి మరే, కొలత సుమారు 34.8, 35లోకి హాయిగా దూరుతుంది. ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటుంది, ఎందుకంటే మరల మధ్య దూరం వేరు. అక్కడ ఆగాలి. ఆ అబ్బాయి ఆగలేదు, పానాకి పైపు తొడిగి తిప్పాడు. నేల మీద సన్నటి ఇనుప పొట్టు మెరుస్తూ కనబడింది. 50 ఏళ్లో ఇంకా ఎక్కువో నిలిచిన మర పది నిమిషాల్లో పోయింది. పైగా "పాత చెత్త సార్, కొత్తది కొనుక్కోండి" అన్న ధోరణి.

నెల రోజులు ఫ్రేము గోడకే వేలాడింది. రెండు దారులు కనిపించాయి. ఒకటి, గొట్టాన్ని లోపల కాస్త పెద్దది చేసి 36 మిల్లీమీటర్ల ఇటాలియన్ మర కోయించడం. కానీ ఇటాలియన్ మర కూడా రెండు పక్కలా కుడిదే! అదే రోగానికి ఇంకో ఆసుపత్రి. రెండోది, అసలు మరతో పనిలేని కార్ట్రిడ్జ్. రెండు ముక్కలు లోపల ఒకదానితో ఒకటి బిగుసుకుని, గొట్టం అంచుల్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. ఇదే వేయించాను, ఈసారి క్లబ్బులో ఒక ముసలి మెకానిక్ చేత. పాత క్రాంకుల్ని లాగడానికి కూడా ఆయన సొంత పరికరమే తెచ్చాడు. అవి స్ట్రాంగ్‌లైట్ కంపెనీవి, వాటి పుల్లర్ మర 23.35, మామూలు పుల్లర్ 22. మామూలుది పెట్టి లాగితే అదో అంత్యక్రియ.

నాలుగేళ్లయింది, చప్పుడు లేదు. బరువు కాస్త పెరిగింది, ఏడాదికోసారి బిగువు చూసుకోవాలి, అంతే. సంతోషంగా ఉన్నానా అంటే ఉన్నాను గాని, 160 యూరోల ఫ్రేముకి మొత్తం పెట్టింది లెక్క వేస్తే మా ఆవిడకి చెప్పే అంకె కాదు.

మీరు కొనాలనుకుంటే రంగు, గొట్టాలు కలిసే చోటి లగ్గుల నగిషీ తర్వాత చూడండి. ముందు కుడి కప్పు ఎటు తిరిగితే ఊడుతుందో అడగండి. స్విస్ మర అని ఒకటుంది. కొలత ఫ్రెంచ్‌దే, 35, మిల్లీమీటరు మర, కానీ కుడి కప్పుకి ఎడమ మర. 1970ల చివర్లో మోటోబెకాన్ కంపెనీ అటే మారింది. అలాంటిది దొరికితే నేనైతే ఇంకో 100 యూరోలు ఎక్కువైనా ఇస్తాను. హ్యాండిల్‌ని పట్టే స్టెమ్ గురించి భయపడొద్దు. ఫ్రెంచ్‌ది 22, మామూలుది 22.2. గరుకు కాగితంతో ఓ గంట రుద్దితే దిగుతుంది. వెనక చక్రం సందు మాత్రం కొలవండి, పాతవి కొన్ని 110 ఉంటాయి, ఇప్పటి ట్రాక్ హబ్బులు 120.

నా సంగతి వేరు, నాకు ట్రాక్ నడిచి వెళ్లేంత దూరం. ఫ్రాన్స్‌లో రోడ్డెక్కే సైకిల్‌కి రెండు బ్రేకులు ఉండాలని చట్టం, ఈ ఫోర్కుకి బెజ్జమే లేదు, పొడిపించే మనసూ లేదు. అందుకే అరగంట పైగా పక్కన నడిపించుకుంటూ వెళ్తాను. ట్రాక్ లేని ఊళ్లో అయితే దీని జోలికి పోను.

హైదరాబాద్‌లో ఉస్మానియా వెలోడ్రోమ్‌లో తొక్కే మా తమ్ముడు, అంటే ఆ బాబాయి కొడుకే, ఇలాంటిది ఒకటి చూసి పంపించమని పోరుతున్నాడు. బాబాయిని అడిగాను. "నా దగ్గరున్న కప్పులన్నీ ఇంగ్లిష్‌వే, ఆ దరిద్రం ఇక్కడికి తేకురా" అన్నాడు. తమ్ముడికి ప్రస్తుతానికి ఫొటోలు పంపాను.