ఫెంటర్‌మిన్ మాత్రా, సెమాగ్లూటైడ్ ఇంజెక్షనా?

అమెరికాలో బరువు తగ్గాలని డాక్టర్ దగ్గరకు వెళ్లే మనవాళ్లకు ఈ రెండు పేర్లూ వినిపిస్తాయి.

పని తీరు: ఫెంటర్‌మిన్ ఆంఫెటమిన్ జాతి ఉత్తేజక మందు, మెదడులోనే ఆకలిని అణిచేస్తుంది. సెమాగ్లూటైడ్ పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా పనిచేసి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు చేస్తుంది.

ఖర్చు: మాత్ర చవక. ఇన్సూరెన్స్ లేకపోతే ఇంజెక్షన్‌కు నెలకు వందల డాలర్లు.

శ్రమ: రోజూ పొద్దున మాత్ర, వారానికో సూది.

ప్రమాదం: ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఫెంటర్‌మిన్‌తో గుండె దడ, బీపీ పెరగడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. 1959లో అనుమతి వచ్చినా అది కొన్ని వారాల వాడకానికే. దీనికి ఫెన్‌ఫ్లూరమిన్ అనే మరో ఆకలి తగ్గించే మందు జోడించి వాడినవాళ్లలో కొందరికి గుండె కవాటాలు దెబ్బతిన్నాయి. 1997లో ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. సెమాగ్లూటైడ్‌తో వికారం, వాంతులు, మలబద్ధకం. అరుదుగా పాంక్రియాస్ వాపు. ఆపేస్తే తగ్గిన బరువులో చాలావరకు తిరిగొస్తుంది.

ఆకలి తగ్గుతుందని, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న స్నేహితుడి దగ్గర దాని మందైన అడెరాల్ (ఇదీ ఆంఫెటమినే) అడిగి మింగడం మాత్రం మూడో దారి కాదు. దయచేసి వద్దు. అది వ్యసనంగా మారగల మందు.

ఎవరికి ఏది: గుండె జబ్బు, హైపర్‌థైరాయిడ్, గ్లాకోమా ఉంటే ఫెంటర్‌మిన్ వద్దు. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్‌కు వచ్చే ఒక అరుదైన క్యాన్సర్) ఉంటే సెమాగ్లూటైడ్ వద్దు. గర్భిణులకు రెండూ వద్దు. షుగర్ కూడా ఉండి, ఏళ్ల తరబడి ఖర్చు భరించగలిగితే ఇంజెక్షనే నయం. గుండె, బీపీ బాగుండి చేతిలో డబ్బు తక్కువైతే, డాక్టర్ పర్యవేక్షణలో కొద్ది వారాలు మాత్ర.