సరవాక్ కోర్టుల సేవ: కక్షిదారు వైపు నుంచి ఒక సమీక్ష

బోర్నియో దీవి వాయవ్య తీరాన, మలేషియాలో భాగంగా ఉన్న సరవాక్ రాష్ట్రంలో తగవు తీర్చుకోవాలనుకున్న మనిషికి మూడు రకాల కోర్టులు ఉన్నాయి. దేశమంతటికీ వర్తించే సివిల్ కోర్టులు మొదటివి, ముస్లింల కుటుంబ వ్యవహారాలు చూసే షరియా కోర్టులు రెండోవి, ఇబాన్, బిడాయుహ్ వంటి స్థానిక తెగల ఆచారాన్ని అమలుచేసే నేటివ్ కోర్టులు మూడోవి. ఒక్కొక్కదానికీ వేరే న్యాయమూర్తులు, వేరే చట్టం, వేరే అప్పీలు దారి ఉన్నాయి. న్యాయశాస్త్ర పండితులు దీన్ని ఎలా తూచినా, నేను మాత్రం ఒక సేవగానే చూస్తున్నాను. ఏ పనికి ఎక్కడికి వెళ్లాలో సామాన్యుడికి తెలుస్తుందా, వెళ్లాక పని జరుగుతుందా అన్నదే ఇక్కడ నా కొలత.

సివిల్ కోర్టుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సబా, సరవాక్‌లకు కలిపి ఒక ప్రత్యేక హైకోర్టు ఉంది. అది కౌలాలంపూర్ వైపు హైకోర్టుతో సమాన హోదా కలది, అక్కడ ఇంగ్లీషులోనే వాదనలు సాగించుకునే వీలు నేటికీ ఉంది. మన దేశం నుంచి ఉద్యోగానికి వచ్చినవారికి ఇది పెద్ద ఊరట. అయితే కౌలాలంపూర్‌లో తెలిసిన వకీలు ఉన్నాడని ధైర్యంగా ఉంటే కుదరదు. సరవాక్ న్యాయవాదుల జాబితా వేరు, బయటి వకీలు ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే తప్ప ఇక్కడ నిలబడి వాదించలేడు. ముస్లిమేతరుల విడాకులకు 1976 నాటి చట్టం వర్తిస్తుంది. అది 1982 మార్చి 1 నుంచి అమలులో ఉంది. మలేషియాలో స్థిరనివాసం లేని భర్త దాని కింద విడాకులు అడగడం కష్టం, భార్య మాత్రం వరుసగా రెండేళ్లు అక్కడ నివసించి ఉంటే పిటిషన్ వేయవచ్చు. కాంట్రాక్టు ఉద్యోగాల మీద వచ్చే తెలుగు కుటుంబాలు ఈ ఒక్క తేడానైనా ముందే తెలుసుకొని ఉండడం మంచిది.

షరియా కోర్టు అనగానే మనవాళ్లకు ఖాజీగారు గుర్తుకు వస్తారు. హైదరాబాదులో ఖాజీ నిఖా నమోదు చేస్తారు గానీ తీర్పు చెప్పరు. ముస్లిం వ్యక్తిగత చట్టాన్ని కూడా మన దగ్గర మామూలు కుటుంబ న్యాయస్థానమే అమలుచేస్తుంది. సరవాక్‌లో అలా కాదు. 2001లో చేసిన రెండు ఆర్డినెన్సుల (సరవాక్‌లో రాష్ట్ర శాసనసభ చేసే చట్టాలను అలా అంటారు) కింద అక్కడ కింది కోర్టు, హైకోర్టు, అప్పీలు కోర్టు అని మూడు అంచెల షరియా వ్యవస్థ నడుస్తోంది. రెండో పెళ్లికి కోర్టు అనుమతి కావాలి, తలాక్ కోర్టు ఎదుటనే జరగాలి, బయట చెప్పేసి వస్తే శిక్ష పడుతుంది. దంపతుల మధ్య పట్టుదలలు పెరిగినప్పుడు రెండు వైపుల బంధువుల నుంచి 'హకం' అనే మధ్యవర్తులను కోర్టే నియమిస్తుంది.

ఈ కోర్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు 'హర్తా సెపెంచరియన్'. కాపురం చేస్తున్న కాలంలో సంపాదించిన ఆస్తిలో, అది భర్త పేరు మీదే ఉన్నా, ఇంటి చాకిరీ చేసిన భార్యకూ వాటా ఇచ్చే నియమం ఇది. దీని మూలం మతగ్రంథాలలో లేదు, మలయ్ ప్రజల పాత ఆచారంలో ఉంది. పొలంలో ఇద్దరూ కలిసి దిగి పనిచేసిన కాలపు లెక్క ఇప్పుడు ఫ్లాటుకూ బ్యాంకు ఖాతాకూ వర్తిస్తోంది. సరవాక్‌ను ఏలిన ఇంగ్లీషు కుటుంబం, బ్రూక్ వంశపు రాజుల పాలనలో, 1915లో ముద్రించిన మలయ్ కోర్టు చట్టంలో ఆచారమూ ఇస్లామిక్ నియమమూ పక్కపక్కనే ఉండేవి; తరువాత ఆ రెండింటికీ వేరే కోర్టులు పెట్టినా, లోపలి అల్లిక మాత్రం విడిపోలేదు. మూడు చట్టాల కలయిక అని కాగితం మీద రాసుకున్నది నిజంగా కనిపించేది ఇలాంటి చోటనే.

ఇక నేటివ్ కోర్టు. 1992 ఆర్డినెన్సు ప్రకారం దీనికి ఆరు మెట్లు ఉన్నాయి. అడుగున ఊరిపెద్ద కోర్టు, ఆపైన పెంఘులు (కొన్ని ఊళ్లకు కలిపి ఉండే పెద్ద) కోర్టు, ఆపైన అంతకన్నా పై హోదా తెగపెద్దలైన పెమాంచ లేదా తెమెంగ్గొంగ్ కూర్చునే పెద్దల కోర్టు, తరువాత జిల్లా కోర్టు, రెసిడెంటు (జిల్లాలపై ఉండే పాలనాధికారి) కోర్టు, చివరికి నేటివ్ అప్పీలు కోర్టు. అడుగు మెట్టులో జరిగే విచారణే దీని ప్రాణం. ఇబాన్‌ల పొడవిళ్లలో ఒకే కప్పు కింద పదుల కుటుంబాలు ఉంటాయి. వారి గదులన్నిటి ముందూ ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగే ఉమ్మడి వసారాను 'రువాయ్' అంటారు. ఊరిపెద్ద, అతనితోపాటు విచారణలో సలహా ఇచ్చే ఇద్దరు అసెసర్లు అక్కడ చాపల మీద కూర్చుంటే, ఫిర్యాదు చేసినవారూ ఎదుటివారూ సొంత భాషలో, సొంత నోటితో చెప్పుకుంటారు. మన రచ్చబండ పంచాయితీ లాంటిదే అనిపిస్తుంది గానీ, ఇక్కడి తీర్పుకు చట్టబద్ధత ఉంది, పైకి అప్పీలు ఉంది, ఏ తప్పుకు ఎంత జరిమానా కట్టాలో 1993 నాటి ఇబాన్ ఆచార సంహితలో అచ్చులో ఉంది. ఆ చివరి అంశమే మన పంచాయితీల్లో లోపించింది.

జరిమానా కూడా ఒట్టి డబ్బుగా ముగిసిపోదు. నష్టపోయినవారి ప్రాణశక్తి సడలకుండా ఉండాలని ఇనుప వస్తువు, తరచుగా ఒక కత్తి, ఇచ్చే పద్ధతి ఉంది; దాన్ని 'కెరింగ్ సెమెంగత్' అంటారు. మర్నాడు మళ్లీ అదే వసారాలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసినవారికి ఇది అవసరమైన లాంఛనం. అక్రమ సంబంధం, నిశ్చితార్థం తప్పడం, పక్కింటివారిని నిందించడం వంటి తగవులలో మూడు వ్యవస్థలనూ పోల్చి ఒకదాన్ని ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. హత్య, దొంగతనం వంటి శిక్షాస్మృతి నేరాలు దీని పరిధిలోకి రావు, రాకపోవడమే మంచిది.

భూమి దగ్గరకు వచ్చేసరికి ఈ మెప్పు తగ్గించుకోవలసి వస్తుంది. ఇద్దరు స్థానికుల మధ్య గట్టు తగాదా అయితే నేటివ్ కోర్టు చక్కగా తీరుస్తుంది. ఎదుటి పక్షం కలప కంపెనీయో, పామాయిల్ తోటో, ప్రభుత్వమో అయినప్పుడు ఊరు సివిల్ హైకోర్టుకే వెళ్లాలి. ఊరిపెద్దలను నియమించేదీ, వారికి భృతి ఇచ్చేదీ రాష్ట్ర ప్రభుత్వమే కనుక, అటువంటి తగవులో వారు నిక్కచ్చిగా నిలబడతారని ఆశించడమూ కష్టమే. హైకోర్టులోనూ ఆచారం నిలకడగా నెగ్గలేదు. పోడు పొలాలకే గాక, చుట్టూ ఉన్న అడవికీ ఏటికీ కలిపి ఊరికి ఉమ్మడి హక్కు ఉంటుందని 2001లో సరవాక్ రాజధాని కూచింగ్‌లోని హైకోర్టు ఒప్పుకుంది. 2016 డిసెంబరులో దేశపు అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టు, అలాంటి ఆచారానికి సరవాక్‌లో చట్టబలం లేదని తేల్చింది. ఊళ్లు ఆందోళన చేసిన తరువాత, 2018లో రాష్ట్ర శాసనసభ భూమి చట్టాన్ని సవరించి ఆ హక్కును కొంతమేరకు తిరిగి ఇచ్చింది. పొలం దున్నినందుకు హక్కు, అడవిలో వేటాడినందుకు లేదు అన్న వాదన మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు సాగు చూసినవారికి కొత్తేమీ కాదు.

ఈ వ్యవస్థ మొత్తంలో పెద్ద లోపం, మనిషి ఒక కోర్టు పరిధి నుంచి ఇంకొక కోర్టు పరిధికి మారవలసి వచ్చినప్పుడు బయటపడుతుంది. షరియా కోర్టుల పరిధిలోని విషయాలలో హైకోర్టులు జోక్యం చేసుకోరాదని 1988లో రాజ్యాంగంలో ఒక నిబంధన చేర్చారు. ముస్లింలు మూడో వంతు మాత్రమే ఉన్న సరవాక్‌లో మతాంతర వివాహాలు మామూలు విషయం. పెళ్లి కోసం ఇస్లాంలోకి మారిన ఇబాన్ లేదా బిడాయుహ్ స్త్రీ, భర్త పోయాకనో విడిపోయాకనో పుట్టింటి పొడవిల్లుకు, పాత మతానికి తిరిగి వెళ్లాలనుకోవడం కూడా అంతే మామూలు. గుర్తింపు కార్డులో మతం మార్చడానికి జాతీయ నమోదు శాఖ షరియా కోర్టు ఉత్తర్వు అడుగుతుంది. రాష్ట్ర షరియా చట్టంలోనేమో ఇస్లాం వదిలేవారి కోసం స్పష్టమైన విధానం రాసి లేదు. నలుగురు సరవాక్‌వాసులు ఈ చిక్కునే పట్టుకొని వెళ్లినప్పుడు, 2018 ఫిబ్రవరి 27న ఫెడరల్ కోర్టు, ఇది షరియా కోర్టే తేల్చాలని చెప్పి పంపేసింది. అంతకు రెండేళ్ల ముందు కూచింగ్ హైకోర్టు, చిన్నతనంలో తల్లిదండ్రులతో పాటు మారిన ఒక బిడాయుహ్ వ్యక్తి విషయంలో మతం అతని రాజ్యాంగ హక్కు అని తానే ఉత్తర్వు ఇచ్చింది. ఒకే ఊళ్లో, ఒకే రకమైన కోరికకు, మారినది చిన్నప్పుడా పెద్దయ్యాకా అన్నదాన్ని బట్టి దారి మారిపోతే, కక్షిదారుకు అది సేవ అనిపించదు.

అందువల్ల సరవాక్‌లో పెళ్లి సంబంధం కుదుర్చుకుంటున్న ముస్లిమేతరులు, మతం మార్పు కాగితం మీద సంతకం పెట్టకముందే, ఆ సంతకంతో తమ విడాకులు, వారసత్వం, పిల్లల మతం ఏ కోర్టు చేతికి వెళ్తాయో, తిరిగి రావాలనుకుంటే దారి ఉందో లేదో స్థానిక వకీలును అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.