స్కీయా, స్నోబోర్డా? మంచు మీద పాత పేచీ

అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్. ఈ మూడు స్కీ రిసార్టుల్లో స్నోబోర్డుతో వెళ్తే నేటికీ కొండపైకి తీసుకెళ్లే లిఫ్టు ఎక్కనివ్వరు. బోర్డువాళ్లు మంచునంతా గీకేస్తారని, వాలు మధ్యలో చతికిలబడతారని స్కీ వాళ్ల పాత ఫిర్యాదు.

చతికిలబడే మాట నిజమే, కానీ దానికో కారణం ఉంది. స్కీయర్ రెండు పలకల మీద, ఎదురుగా చూస్తూ, చేతికర్రలతో దిగుతాడు. బోర్డు మీద రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకుని పక్కకు తిరిగి నిలబడాలి. వీపు వైపు నుంచి ఎవరొస్తున్నారో సరిగ్గా కనబడదు. గుద్దుకోవడాలు, తిట్లు అక్కడే మొదలు. లిఫ్టు ఎక్కడానికి విప్పిన వెనక కాలిని దిగాక మళ్లీ బిగించుకోవాలి, అందుకే చాలామంది అక్కడే కూలబడతారు. చదును నేల వస్తే స్కీయర్ కర్రలతో తోసుకుంటూ పోతాడు, బోర్డు మనిషి ఒంటికాలితో నెట్టుకుంటూ వస్తాడు.

మొదటి రోజు స్కీయే సులువు. బోర్డు పిర్రలు వాచేలా పడేస్తుంది. బూట్ల విషయంలో మాత్రం బోర్డుదే సుఖం. గట్టి స్కీ బూట్లతో మెట్లు దిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది! మోకాలి లోతు కొత్త మంచు పడిన రోజున నా ఓటు బోర్డుకే.

చెక్ అమ్మాయి ఎస్టర్ లెడెట్‌స్కాకు ఈ గొడవే పట్టలేదు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్కీ మీద ఒక స్వర్ణం, వారం తిరిగేసరికి బోర్డు మీద ఇంకొకటి కొట్టింది.